ఖాళీ సీసాల అల్లుడు

మా కంపెనీకి వచ్చే ఫిర్యాదుల్లో ముప్పాతిక వంతు ఒకే మాట: "మీరు పంపిన సీసా ఖాళీగా ఉంది." ఫోనెత్తే పని కూడా నా నెత్తినే పడింది కాబట్టి, నేను రోజూ ఓపిగ్గా అదే జవాబు చెబుతుంటాను. ఖాళీ కాదండీ, సరుకు అడుగున పొరలా అంటుకొని ఉంటుంది, కంటికి ఆనదు, మూత తీసేముందు యంత్రంలో పెట్టి ఒకసారి తిప్పండి. అవతలివాళ్లు అలాగేలెండి అంటారు. నమ్మలేదని ఆ గొంతులోనే తెలిసిపోతుంది. వాళ్లను తప్పుపట్టను. పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లకే నాలో ఏదో ఉందన్న నమ్మకం ఏనాడూ కలగలేదు, ఫోనులో వాళ్లకేం కలుగుతుంది.

మేం అమ్మేది ప్రోటీన్లు. తినేవి కాదు, ప్రయోగశాలల్లో పరీక్షలకు వాడేవి. టైర్ల దుకాణం పైన రెండో అంతస్తు మాది. కింద టైర్ల వాసన, పైన బ్యాక్టీరియా వాసన. ఇంటికి వెళ్లేసరికి రెండూ కలిసి నా చొక్కాలో ఉంటాయి. అందుకే మా ఆవిడ నన్ను ముందు స్నానాల గదిలోకి తోసి, ఆ తర్వాతే పలకరిస్తుంది.

మా దగ్గర ఒక అరలో ఉండేవి పాత వైరస్‌ల ప్రోటీన్లు. పాతవంటే మామూలు పాత కాదు. కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకులకు సోకిన వైరస్‌లు కొన్ని, వచ్చిన పని చూసుకొని పోకుండా, వాళ్ల జన్యువుల్లోనే మకాం పెట్టేశాయి. అప్పటినుంచి తరతరాలుగా మనతోపాటే పుడుతున్నాయి. బయటికి పోయే శక్తి పోయింది, సొంతంగా బతికే శక్తి కూడా పోయింది. చాలామటుకు నోరెత్తకుండా ఒక మూల పడి ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా అంతుపట్టని జబ్బు చేస్తే మాత్రం అనుమానం వాటిమీదికి పోతుంది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు తోటివాళ్లంతా నోరు తెరిచారు. నాకేమీ వింతగా అనిపించలేదు. నేను ఇల్లరికపు అల్లుణ్ణి.

వాటి తరఫున ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ పాత వైరస్‌లలో ఒకదాని ప్రోటీన్ తల్లి కడుపులో బిడ్డను పోషించే మాయ ఏర్పడటానికి పనికొస్తుంది. అది లేకపోతే మనమెవరం పుట్టేవాళ్లం కాదు. పిలవకుండా వచ్చినవాడు కూడా ఇంటికి ఎంత అవసరమో చూడండని, ఒకరోజు భోజనాల దగ్గర మా అత్తగారు వినేలా ఈ విషయం చెప్పాను. ఆవిడ మొత్తం విని, మా ఆవిడ వైపు తిరిగి, ఖాళీగా ఉంటే మీ ఆయన్ని కొళాయి వాషరు మార్చమను అన్నారు. అప్పట్లో ఆవిడ నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. ఏ మాటైనా కూతురి మీదుగా నాకు చేరేది.

నా పనేమిటంటే, ఆ వైరస్ జన్యువు ముక్కను లోపల పెట్టించుకున్న బ్యాక్టీరియాను పెంచడం. అవి తమ పనులు మానుకొని మనకు కావలసిన ప్రోటీన్ తయారుచేస్తాయి. తర్వాత నేను వాటిని పగలగొట్టి, వడగట్టి, శుద్ధిచేసి, తడి మొత్తం లాగేసి, సీసాల్లోకి పంపిస్తాను. ఆ ముక్క ఏదో తేల్చినవాళ్లు వేరే, దాంతో పరిశోధన చేసేవాళ్లు వేరే. మధ్యలో నాది వంటవాడి ఉద్యోగం. కాకపోతే నా వంట ఎవరూ రుచి చూడకూడదు. సీసా మీద అదే అచ్చువేస్తాం: పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.

నాకు ఖాళీ సీసా అని పేరు పెట్టినవాడు మా బావమరిది. మా ఆవిడకు తమ్ముడు, గోడలకు రంగులు వేస్తాడు, మాతోపాటే ఉంటాడు. ఇంకా న్యాయంగా చెప్పాలంటే, వాళ్లతోపాటు నేనుంటాను. ఒకరోజు ఆఫీసుకు వచ్చి నా సీసాల పెట్టె చూసి, ఖాళీవి అమ్మి బతుకుతున్నావా బావా, నేను కనీసం గోడకు ఏదో ఒకటి పూస్తాను అన్నాడు. సాయంత్రానికి వీధంతా పాకింది. వాడి నోరు అలాంటిది. చెయ్యి మాత్రం బంగారం. ఏదైనా రంగు ఒకసారి చూపించి వెళ్లిపోతే చాలు, మర్నాడు డబ్బాలో అదే రంగు కలిపి ఉంచేవాడు.

అలాంటివాడు ఒకరోజు పిల్లల పళ్ల డాక్టరు ఒకాయన వెయిటింగ్ హాలుకు లేత గులాబీ రంగు వేయమంటే, గోడల నిండా నెత్తురు రంగు పూసి వచ్చాడు. లోపలికి అడుగుపెట్టిన పిల్లలు కేకలు పెట్టి వెనక్కి పరుగెత్తారట. మేం కడుపు పట్టుకొని నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు. ఎంత ఎరుపు కలిపినా పాలిపోయినట్టే కనబడుతోంది బావా, ఇంకా పోశాను, ఇంకా పోశాను అన్నాడు. తర్వాత ఒక కన్ను మూసుకొని మా ఆవిడ చీర వైపు చూశాడు. ఆ కన్ను తెరిచి రెండోది మూసుకున్నాడు. అక్కా, నీ చీరకు రెండు రంగులున్నాయి అన్నాడు. మా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

పరీక్షలయ్యాక ఆస్పత్రిలో నరాల డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఒంటికి కాపలా కాయవలసిన కణాలే దారితప్పి నరాల మీది పొరను కొరుకుతున్నాయి. ముందు కంటి నరం దగ్గర మొదలైంది. తర్వాత కాలో, చెయ్యో, ఎక్కడైనా కావచ్చు. పోయినదాన్ని పూర్తిగా తెచ్చిపెట్టే మందు లేదు. పోబోయేదాన్ని చాలావరకు ఆపే ఇంజెక్షన్లున్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. బుద్ధిగా తలూపి ఇంటికొచ్చాం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, అసలిది నాకే ఎందుకొచ్చింది బావా అని వాడు అడిగాడు. ఆ ఇంట్లో నన్ను ఒక విషయం అడగడం అదే మొదలు. తెలిసినంత చెప్పాను. ఎందుకొస్తుందో ఎవరికీ గట్టిగా తెలియదు. మనలో నిద్రపోతున్న ఆ పాత వైరస్‌లలో ఒకటి మేల్కొని, దాని ప్రోటీన్ ఈ కణాలను రెచ్చగొడుతోందేమోనని కొందరికి అనుమానం. అది తేల్చుకోవడానికే ఒక ప్రయోగశాలవాళ్లు ఆ ప్రోటీన్ మా దగ్గర ఆర్డరిచ్చారు, ఇప్పుడు నా చేతిలో ఉన్న పని అదే అన్నాను.

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. నా వైపు చూశారు. నిజంగా నా వైపే. తర్వాత నా పళ్లెంలో మరో రెండు కూరముక్కలు వేసి, "తినండి అల్లుడుగారూ" అన్నారు.

మర్నాటికి వీధిలో అందరికీ తెలిసిపోయింది: కొడుకు జబ్బుకు మందు అల్లుడే తయారుచేస్తున్నాడు.

కాదని నేను చెప్పలేదనుకోకండి. నోరు నొప్పిపుట్టేదాకా చెప్పాను. ఇది మందు కాదండీ, దొంగ ఎవరో తెలుసుకోవడానికి పోలీసులకిచ్చే ఫోటో లాంటిది, ఆ ఫోటో కూడా ఈ దొంగదేనో కాదో ఇంకా తెలియదు అన్నాను. అత్తగారు పక్కింటావిడ వైపు తిరిగి, చూశావా ఎంత అణకువో అన్నారు. నేనేదైనా గొప్ప చెప్పుకున్నప్పుడల్లా ఆ ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. నాకేమీ చేతకాదని ఒట్టేసి చెబితే మాత్రం గౌరవం పెరిగిపోయింది. కిటికీ దగ్గరి కుర్చీ నాదైంది. టీ పెద్ద కప్పులో రావడం మొదలైంది. కొళాయి వాషరు మార్చడానికి మనిషిని పిలిపించారు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, బావమరిది ఇంజెక్షను మొదలుపెట్టకుండా వాయిదా వేయకపోతే. ఆస్పత్రివాళ్లు ఫోను చేసినప్పుడల్లా, మా బావ మందు చేస్తున్నాడండీ, అది రానివ్వండి చూద్దాం అనేవాడు. వాళ్లు నవ్వుకున్నా వాడికి లెక్కలేదు. మా ఆవిడకు అసలు సంగతి తెలుసు. వాడితో గట్టిగా మాట్లాడమని నన్ను ఒకటే పోరేది. గట్టిగా మాట్లాడటం చేతనైన మనిషిని అయితే ఆ ఇంట్లో ఇన్నేళ్లు వాషర్లు ఎందుకు మారుస్తాను?

ఆ ప్రోటీన్ అయినా సజావుగా వచ్చిందా అంటే అదీ లేదు. కొన్ని ప్రోటీన్లు చెప్పినమాట వింటాయి, నీళ్లలో చక్కగా కరుగుతాయి. ఇది బ్యాక్టీరియా లోపలే గడ్డకట్టి కూర్చుంది. గడ్డను యూరియా నీళ్లలో కరిగించి, సన్నటి సంచీలో పోసి, చలిగదిలో ఆ యూరియాను మెల్లమెల్లగా తీసేయాలి. అప్పుడు అది తన అసలు ఆకారంలోకి ముడుచుకుంటుంది. తొందరపెడితే విరిగిన పాలలా తెల్లగా తేలిపోతుంది, మళ్లీ మొదటికే. బయట ఎండ మండిపోతుంటే నేను స్వెట్టరు, ఉన్నిటోపీ వేసుకొని చలిగదిలో సంచీల ముందు కూర్చునేవాణ్ణి. నా మొదటి సంచీ విరిగిపోయింది. రెండోదీ విరిగింది. ఇంటికి రాగానే అత్తగారు గుమ్మంలోనే, అయిందా అల్లుడుగారూ అని అడిగేవారు. లేదండీ, విరిగిపోయింది అనేవాణ్ణి. మంచి మందు ఊరికే వస్తుందా అని ఆవిడే నాకు ధైర్యం చెప్పేవారు.

మూడో సంచీ నిలిచింది. ప్రోటీన్ విరగకుండా, నీళ్లంత తేటగా వచ్చింది. జన్మలో అంత సంతోషపడి ఉండను. సరిగ్గా ఆ రోజే బావమరిది నిచ్చెన మీదినుంచి పడ్డాడు.

అదృష్టం, కింది మెట్టు మీదే ఉన్నాడు. కాలు పెట్టానా లేదా తెలియలేదు బావా, మెట్టు ఉందనుకున్నాను అన్నాడు. ఒళ్లంతా తెల్ల రంగు, మొహంలో అంతకంటే తెలుపు. కుడికాలు ఈడ్చుకుంటూ నడిచాడు. డాక్టరమ్మ ఈసారి కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడింది. జబ్బు కొట్టిన ఈ దెబ్బనుంచి కాలు చాలావరకు తేరుకోవచ్చు, ఇంజెక్షను లేకుండా ఇంకో దెబ్బ తగిలితే తేరుకుంటుందన్న మాట నేను చెప్పలేను అంది. బావమరిది నేల చూపులు చూస్తూ, బావది అయిపోవచ్చింది డాక్టరుగారూ అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది. ఆమె ఏడవలేదు. అందుకే నాకు భయమేసింది.

"వాడి కాలు పోతే మిమ్మల్ని ఏమీ అననండీ. కానీ మళ్లీ మీ మొహం చూడలేను" అంది.

తర్వాతి సెలవురోజున మా పెద్ద మేడంను బతిమాలి, బావమరిదిని ఆఫీసుకు తీసుకెళ్లాను. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ వారమే నింపిన సీసా ఒకటి తెచ్చి వాడి చేతిలో పెట్టాను. చిటికెన వేలంత ఉంటుంది, ఎర్రటి మూత.

"ఇదేనా?"

"ఇదే."

వాడు దాన్ని వెలుతురుకెత్తి ఒక కన్ను మూశాడు. అది తెరిచి రెండోది మూశాడు.

"మూత ఈ కంటికి ఎర్రగా ఉంది, ఈ కంటికి ఇటుకపొడిలా ఉంది. సీసా మాత్రం రెండింటికీ ఖాళీగానే ఉంది బావా."

"ఖాళీ కాదురా. మందూ కాదు. నీ జబ్బులో దీని చెయ్యి ఉందేమోనని అనుమానపడుతున్నారే, ఆ సరుకిది. దాని మీద ఏం రాసుందో చదువు."

చదివాడు. పెదవులు కదులుతుండటం చూశాను. సీసాను బల్లమీద పెట్టి, దొర్లిపోకుండా వేలితో ఆపాడు.

"నాకు తెలుసు బావా. మొదటిరోజే అక్క చెప్పింది."

వాడే మెల్లగా చెప్పుకొచ్చాడు. బావ మందు తయారవుతోంది అంటుంటే, జబ్బు ఇంకా నిజంగా మొదలవనట్టు ఉండేదట. ఆస్పత్రికి వెళ్లి సూది వేయించుకున్న రోజునుంచి తను రోగి. నిచ్చెన ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి. పైగా, నాన్న పోయాక అమ్మ అంత హుషారుగా తిరగడం చూడలేదు, నీకు పెద్ద కప్పులో టీ తెస్తుంటే ఆవిడ మొహం చూశావా బావా అని అడిగాడు.

జాలిపడాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. నెలల తరబడి ఎండాకాలంలో ఉన్నిటోపీ పెట్టుకున్నవాణ్ణి, కాదు కాదని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి, పెళ్లాం ముందు దొంగలా నిలబడ్డవాణ్ణి. ఆ సంబంధం కలుపుకున్నప్పటినుంచి మింగిన మాటలన్నీ ఒక్కసారి పైకొచ్చాయి.

"భయమేస్తే భయమని ఏడువు. నా సీసా వెనక దాక్కుంటావేంరా? చూడు ఎంతుందో. నువ్వందులో పట్టవు."

అరిచానని అరిచాకే తెలిసింది. పక్కగదిలో మేడం దగ్గారు. బావమరిది నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ మోచేతిలో మొహం దాచుకున్నాడు. భుజాలు కదలడం ఆగేదాకా నేను సీసాను పట్టుకొని కూర్చున్నాను, అది పడితే మేడం నన్ను బతకనివ్వరు.

"భయంగా ఉంది బావా."

"నాకూ అంతే."

"అయితే నువ్వూ రా. పక్కన కూర్చో."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. సూది చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. పెళ్లికి ముందు చేయించిన రక్తపరీక్షలో దభీమని పడి, పెళ్లి ఫోటోలన్నిట్లో నుదుటిమీద కట్టుతో ఉన్నాను. అత్తగారికి నామీద మొదటి అభిప్రాయం ఆ ఫోటోలతోనే ఏర్పడింది. బావమరిదికి ఇదంతా తెలుసు. తెలిసే అడిగాడు. నువ్వు పడిపోతే నవ్వుకుంటూ వేయించుకుంటాను, నాకు నొప్పి తెలియదు అన్నాడు. సరేనన్నాను. సీసా తిరిగి ఫ్రీజరులో పెట్టేస్తుంటే ఒకటి ఇంటికివ్వమన్నాడు. నిండింది ఇస్తే ఉద్యోగం పోతుంది, కడిగి ఆరబెట్టిన ఉత్త సీసాకు ఎర్రమూత బిగించి ఇచ్చాను. కిటికీలో పెట్టుకుంటానన్నాడు. పొద్దున్నే ఒక్కో కన్ను మూసి మూత చూసుకుంటే, ఎరుపు తిరిగొస్తోందో లేదో తెలుస్తుందట.

ఇంజెక్షను రోజున పక్క కుర్చీలో ధీరుడిలా కూర్చున్నాను. నర్సమ్మ దూదితో రాస్తున్నంతసేపూ గోడమీది క్యాలెండరునే చూశాను. క్యాలెండరులో ఒక పడవ ఉంది. పడవలో ఎంతమంది ఉన్నారో చూద్దామని తల కొంచెం పక్కకు తిప్పాను, అంతే. తర్వాత నాకు కనబడింది పైకప్పు. చెంపల మీద నీళ్లు. నర్సమ్మ నా చెయ్యి పట్టుకొని రక్తపోటు చూస్తోంది. అప్పుడే డ్యూటీకి వచ్చిన ఇంకో నర్సు గుమ్మంలోంచి, ఇద్దర్లో పేషెంటు ఎవరు అని అడిగింది.

బావమరిది కుర్చీలోంచి లేచాడు. కుడికాలు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చి, నేలమీద ఉన్న నాకూ ఆమెకూ మధ్య నిలబడ్డాడు. జబ్బమీద దూది అంటించి ఉంది.

"నేనేనమ్మా. ఆయన నాకు తోడొచ్చారు" అన్నాడు.

అప్పటివరకూ వాడు ఎవరి దగ్గరా ఆ మాట ఒప్పుకోలేదు. నేను లేచి కూర్చోవాలనుకుని కూడా కాసేపు అలాగే పడుకున్నాను. కళ్లనీళ్లు చెవుల్లోకి కారుతుంటే, చెంపలమీద చల్లిన నీళ్లేనని వాళ్లనుకున్నారు. మంచిదే అయింది.

ఇప్పుడు వాడు నిచ్చెన ఎక్కడు. దాన్ని తన దగ్గర పనిచేసే మనిషికి ఇచ్చేసిన రోజు అన్నం తినలేదు. స్టూలుమీద కూర్చుని రంగులు కలుపుతాడు, ఎరుపు దగ్గరికి వచ్చేసరికి పక్కవాణ్ణి అడుగుతాడు. కాలు కొంత తేరుకుంది. ఇంకో దెబ్బ ఇంతవరకూ తగల్లేదు. ఇంజెక్షనుకు ఇద్దరం కలిసే వెళ్తాం. నాకోసం నర్సమ్మ ముందే మంచం ఖాళీచేసి ఉంచుతుంది. మా ప్రోటీన్ ఆ ప్రయోగశాలకు చేరింది. చేరగానే ఫోనొచ్చింది, సీసా ఖాళీగా ఉందని.

అత్తగారికి అసలు విషయమంతా వాడే కూర్చోబెట్టి చెప్పాడు. ఇంజెక్షను ఆస్పత్రివాళ్లది, బావ చేసింది మందు కాదు, బావకు మందులు చెయ్యడం రాదు అని. ఆవిడ అంతా విన్నారు. ఇక పెద్ద కప్పు పోతుందని, వాషర్లు మళ్లీ నా పాలిట పడతాయని నేను మనసు గట్టిచేసుకున్నాను. మర్నాడు పొద్దున టీ పెద్ద కప్పులోనే వచ్చింది. ఆవిడ మర్చిపోయారేమో అనుకున్నాను.

కిటికీలో ఎర్రమూత సీసా ఇప్పటికీ ఉంది. అత్తగారు రోజూ దుమ్ము తుడుస్తారు. మిగతా వస్తువులన్నీ అటూ ఇటూ విసిరేసే మనిషి, దాన్ని మాత్రం రెండు చేతులతో ఎత్తుతారు, ఒలికిపోతుందన్నట్టు వంచకుండా పట్టుకొని తుడిచి, మళ్లీ అదే చోట పెడతారు. చూసి చూసి ఒకరోజు ఉండబట్టలేక చెప్పాను.

"అందులో నిజంగానే ఏమీ లేదండీ. నేనే కడిగిచ్చాను."

ఆవిడ సీసాను వెలుతురుకెత్తి చూశారు. తర్వాత కొడుకు గది వైపు చూశారు. లోపల వాడు కూనిరాగం తీస్తూ, ఏదో వెతుక్కుంటూ, కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"మీరెప్పుడూ అలాగే అంటారు అల్లుడుగారూ" అని, సీసాను మెల్లగా కిటికీలో పెట్టారు.